గాజు చెబుతుంది కదండీ

ఇంటర్న్‌షిప్ మొదటిరోజున ఒకటో తరగతి గదిలోకి వెళ్ళేముందు నాగశ్రీ గుమ్మం దగ్గర ఆగి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. చేపల సంతలోకి దిగుతున్నాననుకుంది పాపం. ఆమె తప్పేమీ లేదు. టీచర్ ట్రైనింగ్ కాలేజీలో విజయకుమారి మేడం రెండేళ్ళుగా నూరిపోసింది అదే మరి. "ఒకటో తరగతంటే పాఠం సగం, పంచాయితీ సగం. వాడు గిల్లాడంటారు, వీడు నా పెన్సిలు తీశాడంటారు, నిమిషానికో చిటికెన వేలు లేస్తుంది. వీటి మధ్యలో దొరికినంతసేపే అక్షరాలు చెప్పుకోవాలి" అనేది ఆవిడ.

గదిలో చూస్తే చడీచప్పుడూ లేదు. పాతికమంది దాకా పిల్లలు చాపల మీద బుద్ధిగా కూర్చున్నారు. ఒక్క చిటికెన వేలూ లేవలేదు. అందరి ఎడమ చేతులకీ నీలం రంగు గాజుల్లాంటివి ఉన్నాయి, వాటి మీద ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది. హెడ్మాస్టరు కృపారావుగారు కుర్చీలో కూర్చుని, ఒళ్ళో పెట్టుకున్న పలకలోకి చూస్తూ, తలెత్తకుండానే "జోషితా, వెళ్ళిరా తల్లీ" అన్నారు.

మూడో వరసలోంచి రెండు పిలకల పిల్ల ఒకతె లేచి, బయట మరుగుదొడ్ల వైపు నడిచింది. ఆ పిల్ల అడగలేదు. అడగబోతున్నట్టు కనీసం కదల్లేదు కూడా. నాగశ్రీ సరిగ్గా ఆ పిల్లనే చూస్తోంది కాబట్టి ఆ సంగతి ఖాయంగా తెలుసు.

"మీకెలా తెలిసిందండీ మాస్టారూ?"

కృపారావుగారు నవ్వి, పలక ఆమె వైపు తిప్పారు. రాసుకునే పలకంత తెర. దాని మీద పిల్లల ఫోటోలు వరసగా ఉన్నాయి. ఒక్కో ఫోటో పక్కన బుల్లి బుల్లి బొమ్మలు పడుతున్నాయి, పోతున్నాయి. దాహమేస్తే గ్లాసు. ఆకలేస్తే పళ్ళెం. జోషిత పక్కన చెంబు. పాఠం బుర్రకెక్కకపోతే ప్రశ్న గుర్తు. భయమేస్తే రెండు పెద్ద కళ్ళు.

"నాడి చూస్తదమ్మా. చెమట చూస్తది. మణికట్టు నరాల్లో కదలిక చూస్తది. పిల్లకి ఫలానాది కావాలని అనిపిస్తే చాలు, అది నోటిదాకా వచ్చేలోపే ఇక్కడ బొమ్మ పడిపోద్ది. పోయినేడాది కంపెనీవోళ్ళు ప్రయోగానికని మన మోదులంక బడికిచ్చేరు."

దాని పేరు ఇంగితం. పెద్దవాళ్ళలో చాలామందికి లేనిదాన్ని గాజులో పెట్టి పిల్లల చేతికి తొడిగారన్నమాట. పిల్లలు మాత్రం దాన్ని ఇంగితం అనరు, గాజు అంటారు.

మొదట్లో నాగశ్రీకి హాయిగానే ఉంది. వేరే బళ్ళలో పడ్డ ఆమె స్నేహితురాళ్ళు సాయంత్రానికి గొంతు పోయి, ఫోనులో గుసగుసగా మాట్లాడుతుంటే ఈమె మాత్రం ఖంగుమని మాట్లాడేది. ఎవరికి ప్రశ్న గుర్తు పడితే వాళ్ళ పక్కన కూర్చుని ఇంకోసారి చెప్పేది. ఎవరికి గ్లాసు పడితే వాళ్ళకి నీళ్ళిచ్చేది. కాలేజీలో నేర్చుకున్నదంతా పనికొస్తున్నట్టే అనిపించింది. ఒకనాడు సుశాంత్ అనే పిల్లాడి ఫోటో చుట్టూ ఉన్నట్టుండి ఎర్రగీత తిరగడం మొదలుపెట్టింది. ఆ పిల్లాడికి చిన్నప్పట్నుంచీ షుగరు జబ్బు. చూడ్డానికి మామూలుగానే ఉన్నాడు, పక్కవాడితో నవ్వుతున్నాడు కూడా. కృపారావుగారు ఒక్క అంగలో వచ్చి వాడి నోట్లో పంచదార పోశారు. కాస్సేపటికి వాడు సోలిపోయి, మళ్ళీ తేరుకున్నాడు. గాజే లేకపోతే ఏమయ్యేదో అనుకుంటూ నాగశ్రీ ఆ పూటంతా వాడి పక్కనే కూర్చుంది.

అందుకే ఆ తర్వాత ఆమెకి కలిగిన దిగులు ఎవరితోనూ చెప్పుకునేట్టు లేకపోయింది.

దిగులు చిన్న విషయంతో మొదలైంది. జోషిత రాసుకుంటుంటే పెన్సిలు ముల్లు విరిగింది. చెక్కే మర నాగశ్రీ బల్ల మీదే ఉంది. ఆ పిల్ల లేవలేదు, పిలవలేదు. విరిగిన పెన్సిలు పుస్తకం మీద పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చుంది. నాగశ్రీ అప్పుడు వేరే పిల్లల దగ్గర ఉంది. పలక చూసుకునేసరికి చాలాసేపయింది. జోషిత అప్పటికీ అలాగే ఉంది. మొహంలో విసుగు లేదు, ఏడుపు లేదు.

"పెన్సిలు విరిగితే నన్ను పిలవచ్చు కదమ్మా?"

జోషిత ఆమె మొహంలోకి వింతగా చూసి, చేయి చాపి గాజు చూపించింది. అంత తెలివైన టీచరుకి ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టుంది ఆ చూపు.

గాజులు రాత్రిళ్ళు బడిలోనే ఉంటాయి. ఇంటికెళ్ళేటప్పుడు పిల్లలు వాటిని తీసి గుమ్మం దగ్గరున్న బుట్టలో వేసి పోతారు. మరి ఇంటి దగ్గర ఈ పిల్లలు ఎలా ఉంటున్నారో చూడాలనిపించింది నాగశ్రీకి. ఒక సాయంత్రం బడి వదిలాక జోషిత వాళ్ళింటికి వెళ్ళింది. జోషిత తల్లి భవాని రొయ్యల ప్లాంటులో పని చేస్తుంది. భర్త గల్ఫులో ఉంటే తల్లి సూరమ్మని తోడు తెచ్చుకుని కూతుర్ని పెంచుకుంటోంది. చల్లటి నీళ్ళలో రోజంతా రొయ్యలు వలిచి వచ్చిన చేతులు ముడతలు పడి ఉన్నాయి. ఆ చేతులతోనే టీ పెట్టి ఇచ్చింది.

"మీ బడి చలవండి టీచర్ గారూ, మా పిల్ల బంగారం అయిపోయింది. అదిమ్మనీ ఇదిమ్మనీ పేచీ లేదు. ఇదివరకు చెవులు తూట్లు పడేలా అరిచేదండి. మొన్నాదివారం మా అమ్మా నేనూ కబుర్లలో పడి దానికి అన్నం పెట్టడం మర్చిపోయేం. మూడింటికి చూద్దును కదా, కంచం ముందు కూర్చునుంది. ఒక్క మాట అనలేదండి."

సూరమ్మ గుమ్మంలో కూర్చుని ఒత్తులు చేసుకుంటోంది. "ఆకలేస్తే అడగని పిల్లని నా బతుకులో చూళ్ళేదమ్మా" అంది, ఎవర్నీ చూడకుండా.

"ఊరుకోవే అమ్మా" అంది భవాని.

టీ బాగానే ఉంది గానీ నాగశ్రీ సగంలోనే గ్లాసు కింద పెట్టేసింది.

మర్నాడు మాస్టారితో చెప్పేయాలని నిశ్చయించుకుని వచ్చింది. కృపారావుగారు మంచాయన. పిల్లల ముక్కులు తన రుమాలుతో తుడిచే హెడ్మాస్టర్లు ఎంతమందుంటారు? ఆయన ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు.

"అడగడం మర్చిపోతన్నారంటావు. అంతేనా?"

"అంతేనండి."

"నాకో సంగతి చెప్పు. అడిగే పిల్లలు ఎప్పుడూ అడుగుతానే ఉంటారు. వాళ్ళకి మనం అక్కర్లేదు. నేను ఒకటో తరగతిలో ఉన్నప్పుడు చిటికెన వేలు ఎత్తడానికి భయమేసి చాప మీదే తడిపేసేను. క్లాసంతా నవ్వింది. పంతులుగారూ నవ్వేరు. ఆ చాప నా చేతే ఉతికించేరు. ఏడాదిపాటు బడి మొహం చూళ్ళేదు నేను. మా అయ్య కొట్టుకుంటా తీసుకొస్తే మళ్ళీ వచ్చేను. అలా రానోళ్ళు ఎంతమందో? అమ్మాయ్, ఈ గాజు అడగలేనోళ్ళ కోసం వచ్చింది."

ఆయన చెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదు. పైగా ఇంకొద్ది రోజుల్లో విజయకుమారి మేడం వచ్చి నాగశ్రీ పాఠం చూసి మార్కులు వేయాలి. ఆ మార్కులు కృపారావుగారి మాటని బట్టి కూడా ఉంటాయి. ఇంటర్న్‌షిప్‌కొచ్చిన పిల్ల హెడ్మాస్టరుకి సుద్దులు చెప్పిందని పేరు తెచ్చుకోవడం ఎందుకనుకుంది. మాస్టారే ఎప్పుడో గమనిస్తారులే అని సరిపెట్టుకుంది.

ఎండలు ముదిరి ఒంటిపూట బళ్ళు పెట్టారు. మధ్యాహ్నం భోజనం కాగానే పిల్లలు ఇళ్ళకి పోతారు. శనివారం వచ్చిందంటే నాగశ్రీకి భీమవరం బస్సు మీదే ధ్యాస. ఊరెళ్ళి అమ్మ చేతి కూర తినాలి. బడి మూసేటప్పుడు చేయాల్సిన పని ఒకటుంది. పిల్లలు గాజులు బుట్టలో వేశాక పలక చూడాలి. ఎవరి గాజైనా బుట్టలోకి రాకపోతే ఆ ఫోటో మెరుస్తూ ఉంటుంది. అన్నీ వచ్చాయని చూసుకుని అప్పుడు పలక ఆపాలి. పలక ఆపేస్తే, మళ్ళీ బుట్టలో పెట్టి కలిపేదాకా గాజులు ఎవరికీ ఏమీ చెప్పలేవు. వాటి మీది ఆకుపచ్చ చుక్క మాత్రం వెలుగుతూనే ఉంటుంది, అది ఛార్జికి గుర్తు.

ఆ శనివారం పిల్లలు చేతులు కడుక్కుంటుండగానే రోడ్డు మీద బస్సు హారను వినిపించింది. నాగశ్రీ పలక ఆపేసి, గాజులన్నీ బుట్టలో వేయమని పెద్ద పిల్లలకి చెప్పి పరుగు తీసింది. రోజూ చేసే పనే, ముందూ వెనకా అయిందంతే.

వంటగది వెనకాల బియ్యం బస్తాల గదిలో పిల్లి ఈనింది. ఆ సంగతి జోషితకి తెలుసు. తన వంతు గుడ్డులో సగం దాచి, తల్లిపిల్లికి పెడదామని లోపలికెళ్ళింది. తల్లి లేదు, ఎటో తిరగడానికి పోయింది. పిల్లలు మాత్రం బస్తాల సందున కళ్ళు మూసుకుని ఉన్నాయి. వాటి దగ్గర కూర్చుంది. వంటావిడ వెంకాయమ్మ గిన్నెలు తోమి, ఎలకలు దూరతాయని కిటికీ రెక్క వేసి, తలుపుకి బయట గొళ్ళెం పెట్టి ఇంటికెళ్ళిపోయింది. మోదులంకలో ఆ ఎండకి కాకులు కూడా బయట తిరగవు.

జోషిత ఇంటికి రాలేదని ముందు గ్రహించింది సూరమ్మే. ఇరుగుపొరుగు ఇళ్ళన్నీ తిరిగింది. తర్వాత ఊరంతా కదిలింది. ఆ ఊళ్ళో పిల్ల కనపడలేదంటే అందరి చూపూ రొయ్యల చెరువుల మీదికి పోతుంది. కుర్రాళ్ళు నలుగురు చెరువుల్లోకి దిగి కాళ్ళతో అడుగు వెతికారు. భవాని ప్లాంటులోంచి నెత్తి మీద తెల్లటోపీ, కాళ్ళకి రబ్బరు బూట్లతోనే పరిగెత్తుకొచ్చింది. ఫోను రాగానే నాగశ్రీ దారిలోనే బస్సు దిగి ఆటో పట్టుకుంది. బుట్టలో ఒక గాజు తగ్గిందని బడి తాళం తీసి చూసిన కృపారావుగారు ఫోనులో చెప్పారు. అప్పుడు గుర్తొచ్చింది నాగశ్రీకి తను ఏం చేసిందో. ఆ ఆటో ఎంత గట్టిగా తోలినా ఆమెకి నడుస్తున్నట్టే ఉంది.

బడి ఆవరణంతా వెతికారు. "జోషితా! జోషితా!" అని భవాని గొంతు చించుకుంది. నాగశ్రీ వంటగది చుట్టూ పిలుస్తూ తిరిగింది. బియ్యం గది ముందు నిలబడి కూడా పిలిచింది. బయట గొళ్ళెం ఉన్న గదిలో మనిషి ఉంటుందని ఎవరికి తడుతుంది? పైగా లోపల్నుంచి పలుకే లేదు.

ఎండ వాలుతుండగా వెంకాయమ్మ వచ్చింది. తల్లిపిల్లి ఆ తలుపు గీకుతూ ఒకటే గోల పెడుతోంది. లోపల్నుంచి దాని పిల్లలు కీచుకీచుమని బదులిస్తున్నాయి. "ఇదొకత్తి ప్రాణం తీసేత్తంది" అని విసుక్కుంటూ వెంకాయమ్మ గొళ్ళెం తీసింది.

బస్తాల మధ్య జోషిత కూర్చునే ఉంది. గౌను చెమటతో ఒంటికి అతుక్కుపోయింది. పెదవులు ఎండిపోయాయి. ఒళ్ళో రెండు పిల్లికూనలు. చేతికి గాజు, గాజు మీద ఆకుపచ్చ చుక్క. వెలుతురుకి కళ్ళు చిట్లించి, లోపలికి తోసుకొచ్చిన జనాన్ని చూసింది.

భవాని కూతుర్ని ఎత్తుకుని నేల మీద కూలబడిపోయింది. ఊరు ఊపిరి పీల్చుకుంది. ఆసుపత్రిలో సెలైన్ పెట్టి, కంగారేం లేదన్నారు. ఇంకో గంట ఆలస్యమై ఉంటే మాత్రం చెప్పలేమన్నారు.

నాగశ్రీ ఆ మంచం పక్కనే కూర్చుంది. జోషిత తేరుకున్నాక అడగకుండా ఉండలేకపోయింది. "మేమంతా పిలుస్తున్నాం కదమ్మా. నీకు వినపడలేదా?"

"వినపడిందండి. మీరు రెండుసార్లొచ్చేరు. అమ్మ కూడా పిలిచింది."

"మరి ఎందుకు పలకలేదు?"

"గాజు చెబుతుంది కదండీ."

"భయమెయ్యలేదూ?"

జోషిత తల అడ్డంగా ఊపింది. "మీకు తెలుసు కదండీ. వత్తారనుకున్నాను."

భవాని మొహం తిప్పుకుని ఏడ్చింది. నాగశ్రీకి ఏడుపు కూడా రాలేదు. చచ్చిపోయేదాకా ఆ పిల్ల అలాగే కూర్చునేది. తలుపుకి అవతల తల్లి గొంతు వింటూ, భయం లేకుండా, నోరు మెదపకుండా కూర్చునేది. ఈ మాట ఆమెని ఆ రోజంతా వదల్లేదు, ఆ తర్వాత కూడా వదల్లేదు.

సోమవారం కంపెనీ మనిషి వచ్చాడు. చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కా, చక్కటి మాట. జరిగినదానికి చాలా విచారించాడు. ఇకమీదట పలక ఆపినా గాజులు పని చేస్తాయన్నాడు. పిల్ల ఎక్కడున్నదీ తల్లి ఫోనులోనే కనపడుతుందట. గాజులు ఇంటికి కూడా పంపేయవచ్చట, సెలవుల్లో కూడా చేతినే ఉంటాయట. తల్లిదండ్రులందరూ తలలూపారు. అందరికంటే ముందు ఊపింది భవాని. ఆమెని అనడానికేముంది, ఆమె స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు.

నాగశ్రీ మాత్రం తల ఊపలేదు. ఇప్పుడు ఆదివారాలు కూడా పోయాయి. ఇంక ఆ పిల్ల నోరు తెరవాల్సిన సమయమంటూ ఈ భూమ్మీద ఉండదు. కొత్త గాజులు వచ్చేవారం వస్తాయన్నారు.

అందరూ వెళ్ళాక ఆమె కృపారావుగారి గదిలోకి వెళ్ళి, కూర్చోమనకుండానే కూర్చుంది.

"పలక చూడకుండా ఆపింది నేనేనండి. మీరు కాలేజీకి రాస్తే రాయండి. కానీ ఇదొక్కటి వినండి. గొళ్ళెం వెంకాయమ్మ వేసింది, పలక నేనాపాను. అవి పొరపాట్లు. పొరపాట్లు రేపు కూడా జరుగుతాయి. నోరున్న పిల్ల అరుస్తుంది, మనం తీస్తాం. ఆ పిల్లకి నోరు ఉంది మాస్టారూ. మనమే తీసేశాం."

కృపారావుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన రెండు రాత్రులుగా నిద్రపోలేదని చూస్తేనే తెలుస్తోంది.

"సుశాంత్ సంగతేంటి మరి? ఆడి గాజు కూడా తీసేద్దామా?"

"వాడిది ఉంచండి. వాడికి అది మందు. మందు అవసరమైనవాడికి ఇస్తాం గానీ అన్నంలో కలిపి ఊరందరికీ పెట్టం కదండీ."

"నా బోటి పిల్లలో? వేలెత్తలేనోళ్ళు?"

ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. "తెలీదండి. నవ్వకుండా ఉండటమొకటే నాకు తెలుసు."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "గురువారం నీ పాఠం ఉంది కదా" అన్నారు. "ఆ గంట నీది. పలక నువ్వేం చేసుకుంటావో నాకు తెలీదు. నేను చూళ్ళేదు."

గురువారం విజయకుమారి మేడం వచ్చి గది వెనకాల కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఇంగితం ఉన్న బడి అని విని, ప్రత్యేకంగా అది చూడ్డానికే వచ్చానంది. నాగశ్రీ సుశాంత్‌ని తన కుర్చీ పక్కనే కూర్చోబెట్టుకుని, పలక ఆపేసి, గుడ్డలో చుట్టి, తన సంచిలో పెట్టేసింది. మేడం కనుబొమలు పైకి లేచాయి.

"ఇవాళ నా దగ్గర పలక లేదు పిల్లలూ. ఏం కావాలన్నా నోటితో అడగండి" అని చెప్పింది. పిల్లలు తలూపారు. వాళ్ళకి ఏమర్థమైందో వాళ్ళకే తెలియాలి.

తీసివేతల పాఠం. చింతపిక్కలు పంచింది. ఐదు పిక్కల్లోంచి రెండు పక్కింటివాళ్ళకి ఇచ్చేస్తే మన దగ్గర ఎన్ని మిగులుతాయి అని మొదలుపెట్టింది. జోషిత ముందు మాత్రం పిక్కలు పెట్టలేదు. కావాలనే పెట్టలేదు.

అందరూ పిక్కలు లెక్కపెట్టుకుంటున్నారు. జోషిత ఖాళీ చాప ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాగశ్రీ పాఠం నడిపిస్తూనే ఉంది. మధ్యలో వెనక వరసలో ఒక పిల్లాడు చాప తడిపేశాడు. పక్కవాడు కిసుక్కుమనబోతే నాగశ్రీ ఒక్క చూపు చూసింది. తనే వెళ్ళి తుడిచి, ఆ పిల్లాడి నిక్కరు మార్చి, "వచ్చేముందు నాకు చెప్పాలిరా నాన్నా" అని తల నిమిరింది. మేడం కాగితం మీద ఏదో రాసుకుంది. రాసుకున్నది మంచిదయ్యుండదని నాగశ్రీకి తెలుసు.

జోషిత కదల్లేదు. కాస్సేపటికి చేయి కొంచెం పైకెత్తి, గాజు నాగశ్రీకి కనపడేట్టు తిప్పి పెట్టింది.

నాగశ్రీ వెళ్ళి ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చుంది. "ఏం కావాలమ్మా?"

జోషిత గాజు ఇంకా దగ్గరగా పెట్టింది.

"అది నాకేం చెప్పట్లేదు జోషితా."

"చెబుతుందండి."

"చెప్పదమ్మా. నా పలక ఆపేస్తే అది ఇంకేం చెప్పలేదు."

"చుక్క వెలుగుతుంది కదండీ."

"చుక్క ఊరికే వెలుగుతుంది."

జోషిత చుక్క వంక చూసింది. టీచరు వంక చూసింది. నుదురు ముడిపడింది. "మీరు పలక ఎప్పుడాపేత్తారండి?"

గది వెనకాల కుర్చీ కిర్రుమంది. నాగశ్రీ అబద్ధం చెప్పవచ్చు. ఇవాళొక్కరోజే ఆపానని చెప్పవచ్చు. ఆ పిల్ల కళ్ళు చూస్తుంటే ఆ మాట రాలేదు. "బడి అయిపోగానే ఆపేస్తాను."

"ఆ రోజు?"

"ఆ రోజు కూడా ఆపేశాను."

"నేను పిల్లిపిల్లల కాడ ఉన్నప్పుడు?"

"అప్పుడు కూడా."

"నేను లోపలున్నానని మీకు తెలీదా?"

"తెలీదమ్మా."

"మా అమ్మకి?"

"మీ అమ్మకీ తెలీదు. ఎవ్వరికీ తెలీదు తల్లీ. నువ్వు చెరువులో పడిపోయావనుకున్నాం."

జోషిత మొహంలో రంగు దిగిపోయింది. ఆ రోజు అంత చీకట్లో, అంత ఉక్కలో దాని దరిదాపులకి రాని భయం ఇప్పుడు వచ్చింది. మూసిన కిటికీ, వేసిన గొళ్ళెం, బయట తిరిగి తిరిగి వెళ్ళిపోయిన అడుగుల చప్పుడు, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డట్టున్నాయి. చేయి ముడుచుకుంది. ఎంత పాపం చేస్తున్నానో అనుకుంది నాగశ్రీ, అయినా చేయి చాచి ఆపలేదు.

అప్పుడు జోషిత అరిచింది. ఆ గదిలో ఏడాదిగా ఎవరూ అలా అరవలేదు. పక్కనున్న పిల్లలు బెదిరిపోయి వాళ్ళూ ఏడుపందుకున్నారు. చింతపిక్కలు చాపల మీద చెల్లాచెదురైపోయాయి. వంటగదిలోంచి వెంకాయమ్మ గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. కృపారావుగారు చెప్పులు లేకుండా వచ్చి గుమ్మంలో ఆగిపోయారు.

విజయకుమారి మేడం లేచి నిలబడింది. "ఏంటిది నాగశ్రీ? ఊరుకోబెట్టు ముందు!"

"ఏడవనివ్వండి మేడం" అంది నాగశ్రీ, వెనక్కి తిరగకుండానే.

జోషిత రెండు పిడికిళ్ళతో ఆమె గుండెల మీద బాదుతోంది. "తలుపు తియ్యండి! అమ్మా, నేనిక్కడున్నాను! తలుపు తియ్యండి!" అని ఊరంతా వినపడేలా అరుస్తోంది.

గది తలుపు బార్లా తీసే ఉంది. అయినా నాగశ్రీ ఆ దెబ్బలు తింటూ, "వస్తున్నానమ్మా, తీస్తున్నాను, వచ్చేశాను" అంటూనే ఉంది.